ఇంటి కాగితం ఎవరి పేరున ఉంది?

(దిల్‌సుఖ్‌నగర్‌లో మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'ఇళ్లు, స్థలాలు కొనేవారు తెలుసుకోవలసిన చట్టాలు' అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. నేను లాయర్ని కాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఉన్న కాలనీల్లో తిరుగుతూ, మా సలహా కేంద్రంలో కూర్చుని స్త్రీల బాధలు వింటూ, లాయర్ల దగ్గరికీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులకూ వాళ్ల వెంట వెళుతూ నేర్చుకున్నదే నాకు తెలిసిన చట్టం. కాబట్టి సెక్షన్లు తక్కువ చెప్తాను, కాగితాల గురించి ఎక్కువ చెప్తాను.

మా కేంద్రానికి వచ్చే స్త్రీలు ఇల్లు గురించి అని రారు. భర్త కొట్టాడనో, అత్తింటివాళ్లు వెళ్లగొట్టారనో, కొడుకు అన్నం పెట్టడం లేదనో వస్తారు. ఒక గంట మాట్లాడాక మాట ఇంటి మీదికి వస్తుంది. 'ఇల్లు ఎవరి పేరున ఉందమ్మా?' అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: 'మా ఇంటాయనకు తెలుసు.' ఇరవై ఏళ్లు ఊడ్చి, తుడిచి, నీళ్లు పట్టి, వాయిదాలు కట్టిన ఇంటి గురించి ఇంతే తెలుసు! 'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్న పెద్దలు ఆ ఇంటి కాగితం చదివి చూడు అని మాత్రం అనలేదు.

మూడేళ్ల కిందట ఒక అక్క ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చింది. నల్లగొండ జిల్లా నుంచి పెళ్లయ్యాక ఇటు వచ్చేసిన కుటుంబం. భర్త ఆటో నడిపేవాడు, చనిపోయి ఆర్నెల్లయింది. ఎల్.బి.నగర్ దాటాక లోపలి కాలనీలో 120 గజాల్లో రెండు గదుల రేకుల ఇల్లు. కవరులో ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నల్లా బిల్లులు వరుసగా పేర్చి ఉన్నాయి. అడుగున ఒక నోటరీ ఒప్పందం, ఒక జీపీఏ జిరాక్సు. అంతే. 'ఇరవై ఏండ్ల సంది టాక్స్ కడుతున్న మేడం, ఇల్లు నాదే గదా?' అంది.

ఆ ప్రశ్నకు 'అవును' అనలేకపోయాను. పన్ను రసీదు ఆమె ఆ ఇంట్లో ఉంటున్నదని చెబుతుంది. ఆ ఇల్లు ఆమెది అని చెప్పదు. స్థలాన్నో ఇంటినో అమ్మితే, వంద రూపాయలకు మించిన ఆస్తి అయితే చాలు, రిజిస్టరు చేసిన అమ్మకం దస్తావేజు ఉండాలి. ఇది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నుంచీ ఉన్న నియమం. నోటరీ ముద్ర ఎంత పెద్దదైనా, ఎంత ఎర్రగా ఉన్నా, దానితో యాజమాన్యం రాదు. జీపీఏ మీద అమ్మకాల సంగతి 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఒప్పందం, జీపీఏ, వీలునామా మూడూ కలిపి ఇచ్చినా అది అమ్మకం కాదు, హక్కు బదిలీ కాదు. మన వైపు 80లలో, 90లలో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుందని ఇలాగే కొన్నారు. తర్వాత చేయించుకుందాంలే అనుకున్నారు. ఆ 'తర్వాత' రాకముందే అమ్మినవాడు పోయాడు, కొన్నవాడు పోయాడు, గజం ధర మాత్రం ఆకాశానికి పోయింది.

ఈ అక్క విషయంలో అమ్మినాయన కొడుకులను వెతికి పట్టుకున్నాం. వాళ్లు ఇప్పటి ధరలో సగం ఇస్తే సంతకం పెడతామన్నారు. కోర్టుకు వెళ్లవచ్చు. కాని ఒప్పందాన్ని అమలు చేయించమని వేసే దావాకు మూడేళ్ల గడువు ఉంది. ఒప్పందంలో తేదీ రాస్తే ఆ తేదీ నుంచి, రాయకపోతే అవతలివాళ్లు కుదరదన్నారని మనకు తెలిసిన రోజు నుంచి లెక్క. అదృష్టం ఏమిటంటే ఆమె కాగితంలో తేదీ లేదు. కొడుకులు నోటితో అన్నది చాలదని, మా లాయరు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించింది. నాలుగు నెలల బేరం తర్వాత ఆ అక్క చెవి కమ్మలు, మహిళా సంఘం అప్పు కలిసి ఒక మొత్తం అయింది, రిజిస్ట్రేషన్ జరిగింది. దీన్ని విజయం అని నేను చెప్పను. ఒకసారి డబ్బు కట్టిన ఇంటికి ఆమె రెండోసారి కట్టింది.

సరే, రిజిస్ట్రేషన్ ఉంటే చాలునా? బి.ఎన్.రెడ్డి నగర్ వాళ్లను అడగండి. అక్కడా, ఆ చుట్టుపట్ల కాలనీల్లోనూ చాలామంది పద్ధతిగా రిజిస్టరు చేయించుకుని కొన్నారు, ఇళ్లు కట్టుకున్నారు, పన్నులు కట్టారు. తర్వాత ఒకరోజు అమ్ముదామని వెళితే, ఇది ప్రభుత్వ భూమి అంటూ నిషిద్ధ జాబితాలో ఉంది, రిజిస్ట్రేషన్ కుదరదు అన్నారు. రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ అనే సెక్షన్ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో దాన్ని ఇప్పటి రూపంలో తెచ్చారు. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, పట్టణ భూపరిమితి చట్టం కింద మిగులుగా తేలిన భూములు ఎవరూ అమ్ముకోకుండా ఆపడానికి అది. ఉద్దేశం మంచిదే. కాని సర్వే నంబరు మొత్తం జాబితాలో పెట్టేస్తే అందులో నూరు గజాల ఇల్లు కట్టుకున్న టీచరమ్మ కూడా చిక్కుకుంటుంది.

అప్పుడు ఏమవుతుందో పత్రికలవాళ్లు 'రిజిస్ట్రేషన్ సమస్య' అని ఒక్క ముక్కలో రాశారు. మేం ఇళ్లలో చూసింది వేరు. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకునే దారి లేదు కాబట్టి ఇంట్లో ఆడవాళ్ల బంగారం తాకట్టుకు వెళ్లింది. భర్తకు ఆపరేషన్ అయితే గాజులు, కూతురి చదువుకు గొలుసు. కట్నం కింద ఆ ఇంట్లో వాటా రాసిస్తామన్న మాట చెల్లక ఒక పిల్లను పుట్టింటికి పంపించేశారు. (కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచీ నేరమే అని ఈ సభలో నేను మళ్లీ చెప్పనక్కరలేదు, అయినా చెప్తున్నాను.)

2022లో ప్రభుత్వం 118వ నంబరు జీవో ఇచ్చింది. గజానికి 250 రూపాయల చొప్పున కడితే, వెయ్యి గజాల వరకు, ఇలాంటి ఇళ్లను క్రమబద్ధం చేస్తామన్నారు. ఎల్.బి.నగర్ నియోజకవర్గంలో 44 కాలనీలకు దీని లాభం అని అప్పట్లో ప్రకటించారు. 150 గజాల ఇంటికి 37,500 రూపాయలు. కొందరికి పత్రాలు వచ్చాయి, కొందరు ఇంకా తిరుగుతున్నారు. మేం మాత్రం ఆ దరఖాస్తులు నింపేటప్పుడు ఒక పని చేశాం. 'దరఖాస్తుదారు పేరు' అనే గడి దగ్గర ఆగి, 'ఇద్దరి పేర్లూ రాయమని అడుగుదామా?' అని భర్తనూ భార్యనూ కూర్చోబెట్టి మాట్లాడాం. పాత దస్తావేజు ఎవరి పేరున ఉంటే వారికే ఇస్తారని కొన్నిచోట్ల కుదరలేదు. కొన్నిచోట్ల మాత్రం ఆ మాటతోనే భర్త తర్వాత సగం భార్యకు గిఫ్టు డీడు రాసిచ్చాడు. అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఎవరూ అడగలేదు, అంతే. 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు జీవోలో 125 గజాల లోపు పేదల ఇళ్లకు పట్టా ఇంటి స్త్రీ పేరున ఇవ్వాలని పెట్టారు. అది దయతో వచ్చిన వాక్యం కాదు, దేశమంతటా స్త్రీ సంఘాలు ఏళ్ల తరబడి అడిగిన కోరిక.

నిషిద్ధ జాబితాలో పడినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. 2015లో వింజమూరి రాజగోపాలాచారి కేసులో హైకోర్టు ఫుల్ బెంచి, ఏ భూమిని ఏ ఆధారంతో జాబితాలో పెట్టారో వివరాలు ఉండాలనీ, అభ్యంతరాలు విని తేల్చే కమిటీ ఉండాలనీ చెప్పింది. కాబట్టి ముందు ఆర్టీఐ కింద 'మా సర్వే నంబరు ఎందుకు పెట్టారు, ఏ ఉత్తర్వు మీద?' అని అడగండి. కలెక్టరుకు దరఖాస్తు చేసి రసీదు తీసుకోండి. కొనేవాళ్లయితే బయానా ఇవ్వకముందే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఆ జాబితా చూడండి. ఈసీ తీస్తే అన్నీ తెలుస్తాయని మనవాళ్ల నమ్మకం. కంప్యూటరులో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది ఆఫీసులో అడగాలి. అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. నోటరీ ఒప్పందాలు, వాటా ఇవ్వని చెల్లెళ్లు అందులో కనిపించరు. ఎల్ఆర్ఎస్ కట్టేశాం కదా అని ఇంకొందరు ధీమాగా ఉంటారు. అది లేఅవుటును క్రమబద్ధం చేస్తుంది, యజమాని ఎవరో తేల్చదు.

ఇక కాగితాలన్నీ ఉన్నా ఇల్లు నిలవని సంగతి. 2024 సెప్టెంబరులో మూసీ సర్వే బృందాలు వచ్చి నది ఒడ్డు ఇళ్లకు 'ఆర్‌బీ-ఎక్స్' అని గుర్తులు వేసినప్పుడు చైతన్యపురి, కొత్తపేట వైపు కాలనీల్లో నేను తిరిగాను. గుమ్మాల్లో నిలబడ్డది ఆడవాళ్లే. ఒక్కొక్కరి చేతిలో ఒక ఫైలు: దస్తావేజు, మున్సిపల్ పర్మిషను, బ్యాంకు లోను కాగితం, పన్ను రసీదు. 'అన్నీ ఇచ్చింది సర్కారే, ఇప్పుడు నది అంటున్నదీ సర్కారే' అని ఒకామె అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. నదికీ చెరువుకూ చోటు ఉండాలన్నది నిజం. 2020 అక్టోబరు వానల్లో సరూర్‌నగర్ చెరువు కింద కాలనీలు మునిగినప్పుడు పడవల్లో మనుషులను తెచ్చింది మరిచిపోలేదు. కాని అనుమతి ఇచ్చిన అధికారి పెన్షను తీసుకుంటూ ఉండగా, నమ్మి కొన్న కుటుంబం రోడ్డున పడటం న్యాయం కాదు.

ఇక్కడ చట్టం ఎంతవరకు తోడు వస్తుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతల మీద తీర్పు ఇస్తూ, పదిహేను రోజుల ముందు నోటీసు, చెప్పుకునే అవకాశం లేకుండా కూల్చరాదని చెప్పింది. కొందరు దీన్ని పట్టుకుని ధైర్యంగా ఉన్నారు. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, నది, చెరువు వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవని అదే తీర్పులో ఉంది. కాబట్టి మన ఇల్లు నదిలో ఉందా, పట్టా భూమిలో ఉందా అన్నదే అసలు పోరాటం. పట్టా భూమి అయితే పరిహారం లేకుండా తీసుకోవడానికి వీల్లేదు, 2013 భూసేకరణ చట్టం ఉంది. ఏ కాగితం మీదా తెలియకుండా సంతకం పెట్టవద్దు, 'స్వచ్ఛందంగా ఖాళీ చేస్తున్నాం' అన్న కాగితం మీద అసలే వద్దు. చెరువు, నాలా, నది దగ్గర కొనబోయేవాళ్లు ఎఫ్‌టీఎల్, బఫర్ హద్దులు ఎక్కడో చూసుకోవాలి. బిల్డరు చూపించే రంగుల మ్యాపు కాదు, శాఖ మ్యాపు.

సంతకం మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మా కేంద్రంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది భూమాఫియా కాదు, 'ఒక్క సంతకం.'

మూసారాంబాగ్ ప్రాంతం నుంచి ఒక అమ్మాయి. తండ్రి చనిపోయిన పదకొండో రోజు అన్న పిలిచి, 'బ్యాంకు పని ఉంది, ఒక్క సంతకం పెట్టు' అన్నాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి వేలిముద్ర కూడా వేసింది. అది హక్కు విడుదల పత్రం. తండ్రి సొంతంగా కొన్న ఇల్లు, వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికి ఉంటే తల్లి, అందరికీ సమాన వాటా. ఆమెకు మూడో వంతు వచ్చేది. 'ఆఫీసులో ఎవరూ చదివి చెప్పలేదా?' అంటే, 'అన్నయ్య ఉన్నాడు కదా, నేనే చదవలేదు' అంది. మోసంతో రాయించుకున్న పత్రాన్ని రద్దు చేయమని దావా వేయవచ్చు, మోసం తెలిసిన మూడేళ్ల లోపు. ఆమె వేయలేదు. పుట్టింటి గడప పోతుందని భయం. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. అత్తింట్లో గొడవైతే రాత్రికి ఎక్కడికి వెళ్లాలి?

మన తెలుగు నేల మీద ఈ విషయంలో గర్వపడవలసింది ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది, పెళ్లి అయిందా లేదా అన్న తేడా కూడా పోయింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క షరతు: 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా పంపకాలు అయిపోతే వాటిని తిరగదోడలేం. స్త్రీ చేతికి వచ్చిన ఆస్తి ఆమెకు పూర్తి హక్కుగా ఉంటుందని 1977లో చెప్పిన ప్రసిద్ధ తీర్పు కూడా మన రాష్ట్రం నుంచి వెళ్లిన తులశమ్మ కేసులోనిదే. మలక్‌పేట, సైదాబాద్ వైపు పనిచేసేవాళ్లు ముస్లిం స్త్రీల లెక్క వేరు అని గుర్తుంచుకోవాలి: కొడుకు వాటాలో సగం కూతురికి, పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. అది కూడా చాలాచోట్ల చేతికి అందదు. క్రైస్తవుల్లో వీలునామా లేకపోతే మూడో వంతు భార్యకు, మిగిలింది పిల్లలకు సమానంగా.

భర్త పేరున, అత్తమామల పేరున ఉన్న ఇంట్లోంచి గెంటేస్తే? 2005 గృహహింస చట్టం కింద ఉమ్మడిగా ఉన్న ఇంట్లో నివసించే హక్కు స్త్రీకి ఉంది. అత్తగారి పేరున ఉంది కాబట్టి నీకేం లేదు అని 2006 నాటి తీర్పు చూపించి చాలా ఏళ్లు మన నోళ్లు మూశారు. 2020 అక్టోబరు 15న సతీష్ చందర్ అహూజా కేసులో ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే చెప్పింది. ఇది ఉండే హక్కు, అమ్ముకునే హక్కు కాదు. రెండిటినీ కలిపి చెప్పి ఆశ పెట్టకండి. జీతం లోంచి వాయిదాలు కడుతూ దస్తావేజులో పేరు లేని ఉద్యోగినులు ఈ మధ్య ఎక్కువగా వస్తున్నారు. బ్యాంకు లోనులో 'కో-అప్లికెంట్', అంటే అప్పు మొత్తానికీ బాధ్యత. ఇంట్లో? సున్నా. లోను కాగితం మీద సంతకం పెట్టే రోజునే దస్తావేజులో పేరు అడగాలి, తర్వాత అడిగితే అనుమానం అంటారు.

కొత్త ఫ్లాట్ల గురించి ఎవరో చీటీ పంపారు. టూకీగా చెప్తాను. 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా బిల్డరు పది శాతానికి మించి తీసుకోకూడదు. సమయానికి ఇవ్వకపోతే వడ్డీతో డబ్బు వెనక్కి అడగవచ్చు. ఐదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే అతనే బాగు చేయాలి. కాని 500 చదరపు మీటర్ల లోపు స్థలం గాని, ఎనిమిది లోపు ఫ్లాట్లు గాని అయితే రెరాలో నమోదు అక్కరలేదు. మన కొత్తపేట, నాగోల్ గల్లీల్లో 200 గజాల్లో లేపే ఐదు ఫ్లాట్ల ఇల్లు సరిగ్గా ఆ సందులోంచి తప్పుకుంటుంది. అక్కడ వినియోగదారుల కమిషనే దిక్కు, రెండేళ్ల లోపు వెళ్లాలి. పర్మిషను ఎన్ని అంతస్తులకు ఉందో ప్లాను చూసి లెక్కపెట్టండి. పైన కట్టిన పెంటుహౌసు చవకగా ఇస్తానంటే, చవక ఎందుకో అడగండి.

ప్లాస్టిక్ కవరు అక్క మొన్న మళ్లీ వచ్చింది. ఇల్లు ఆమె పేరునే ఉంది. కొడుకు, 'ఎప్పటికైనా నాకే కదా, ఇప్పుడే గిఫ్టు రాసేయ్' అంటున్నాడట. కొడుకు మంచివాడే అంది. మంచివాడైతే వీలునామా రాయి, బతికున్నంత కాలం మార్చుకోవచ్చు అన్నాను. గిఫ్టే రాయాలనుకుంటే, నన్ను చూసుకోవాలి అన్న షరతు పత్రంలోనే రాయించాలి. అప్పుడు 2007 వృద్ధుల చట్టం 23వ సెక్షను కింద, చూసుకోకపోతే రద్దు అడగడం తేలికవుతుంది. ఆమె కాసేపు ఆలోచించి, 'నా కమ్మలు పెట్టి తెచ్చుకున్న కాగితం మేడం, ఇంకా మడత గూడ నలగలే' అంది. ఏ సంతకమూ పెట్టకుండానే తిరిగి వెళ్లింది. వచ్చే శనివారం కొడుకును కూడా తీసుకురమ్మన్నాం.